వైకుంఠముగారి చిత్రములు – మనవారి సిగ్గు

కొలది కాలము క్రిందట మా షోలాపురమున, మనవారి సమావేశములో, ఒక మిత్రుడు తోట వైకుంఠముగారి చిత్రపు అచ్చుప్రతిని గోడకు తగిలింపవలెనని కోరెను. వెంటనే ఇద్దరు పెద్దలు అడ్డుపడిరి. "ఈ నల్లని పల్లెటూరి ఆడువారిని చూచి ఇతరులు మనలనుగూర్చి ఏమనుకొందురు?" అని యొకరు; "ఇది ఆక్రిలిక్, అనగా ప్లాస్టిక్ రంగు; దేశీయకళ యెట్లగును?" అని మరియొకరు. పటము చుట్టబెట్టిరి. నాడు నేను మౌనము వహించితిని. ఆ తప్పును నేడు దిద్దుకొనుచున్నాను.

వైకుంఠముగారు 1942లో కరీంనగరు ప్రాంతపు బూరుగుపల్లిలో జన్మించిరి. హైదరాబాదులోను, పిమ్మట బరోడాలో కె. జి. సుబ్రహ్మణ్యన్‌గారి వద్దను చిత్రకళ నేర్చిరి. 'దాసి' (1988) చలనచిత్రమునకు కళాదర్శకత్వము వహించి జాతీయ పురస్కారము పొందిరి. వారి చిత్రములలో నున్నదెవరు? నల్లని మేను, నుదుట పెద్ద కుంకుమబొట్టు, ముక్కుపుడక, అంచుచీర గల తెలంగాణపు స్త్రీ.

తెలంగాణమునుండి మగ్గమును నమ్ముకొని షోలాపురము చేరిన పద్మశాలి కుటుంబములలో మాది యొకటి. మా నాయనమ్మ పగలు కండెలు చుట్టెడిది. రాత్రి దీపము ముందర బీడీలు చుట్టెడిది. ఆమె బొట్టు పావలాకాసంత. ఆ కష్టముతో చదువుకొని గుమాస్తాలమైన మనము ఆమె ముఖమును గోడపై చూచుటకు సిగ్గుపడవలెనా?

ఇక రంగుల మాట. రవివర్మగారు దేవతలను చిత్రించినది ఐరోపానుండి వచ్చిన నూనెరంగుల పద్ధతిలోనే గదా! ఆ లక్ష్మీసరస్వతులను పూజగదిలో నుంచుకొని ఆక్రిలిక్కును పరాయిదనుట యేమి న్యాయము? ఆ రంగు నీటితో పలుచనగును, త్వరగా ఆరును, ఆరిన పిమ్మట నీటికి కరగదు. ఎరుపును, పసుపును, కాషాయమును కలగలుపక నిండుగా పూయగోరువారికి అది తగిన సాధనము. చేర్యాల నకాశీవారు గుడ్డకు చింతగింజల అంబలియు, తెల్లసుద్దయు, జిగురును పట్టించి బొమ్మలు వ్రాసిరి. అది గొప్ప విద్యయే. వారును తమ చేతికందిన వస్తువులతోనే పనిచేసిరి. మనవారు చేమగ్గము విడిచి మరమగ్గము పట్టినప్పుడు చీర పరాయిదయ్యెనా?

విచారింపదగిన ఆక్షేపణ యొకటి కలదు. ఆ చిత్రములలో అలంకారము మెండు, చెమట తక్కువ; ఒకే స్త్రీ మరల మరల వచ్చును. మా నాయనమ్మ అరచేతి కాయలు నాకందు కనబడలేదు. ఆ వాదమునకు నేను సిద్ధమే. కాని అది చిత్రమును చూచినవారు చేయవలసిన వాదము, చుట్టబెట్టినవారు చేయవలసినది కాదు.

మన పిల్లలు వీథిలో మరాఠీ మాటాడుదురు. పలువురు తెలుగు చదువలేరు. కాని బొమ్మను చదువగలరు. "ఈమె ఎవరు తాతా?" అని వారడిగిననాడు చూపుటకు మనకొక ముఖము కావలెను. రాబోవు సమావేశమునకు పటమును నేనే తెచ్చెదను. మేకును, సుత్తియు గూడ తెచ్చెదను.