ముగ్గురూ ఆడపిల్లలే... లోపం తల్లిదా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాకు ముగ్గురు ఆడపిల్లలు. కోతుల్లో బలంగా ఉన్న తల్లికి మగపిల్లలు, నీరసంగా ఉన్నదానికి ఆడపిల్లలు పుడతారని ఎక్కడో చదివి, లోపం నాదేనంటున్నారు మా అత్తగారు. ఇప్పుడు నాకు రెండో నెల. మగబిడ్డ పుడతాడని ఆవుపాలలో కలిపి తాగమని ఏదో పొడి తెచ్చి ఇచ్చారు. తాగవచ్చునా?
– ఒక సోదరి, కోనసీమ

జవాబు: తాగవద్దమ్మా. ముందు ఆ మాట చెప్పి, తర్వాత కోతుల సంగతి చెబుతాను.

మీ అత్తగారు చదివినది 1973లో ట్రివర్స్, విల్లార్డ్ అనే ఇద్దరు అమెరికన్లు చేసిన ఊహ. తమాషా ఏమిటంటే, కెన్యాలోని అంబోసెలిలో బబూన్ కోతులను ఏళ్ళ తరబడి గమనించినవారికి 1980లలో అందుకు వ్యతిరేకంగా కనబడింది. మందలో పెద్దరికం చేసే తల్లులకే ఆడపిల్లలు ఎక్కువ! వాటిలో కూతురు పుట్టిన మందలోనే ఉండిపోయి తల్లి హోదాను అందుకుంటుంది. కొడుకు వయసు రాగానే వేరే మందకు పోతాడు. (అక్కడ ఇల్లరికం మగవాళ్ళకే ఆనవాయితీ అన్నమాట.) ఆ తర్వాత 2002లో గిలియన్ బ్రౌన్, జోన్ సిల్క్ అనేక కోతి మందల కాన్పుల లెక్కలు కలిపి చూస్తే, తల్లి హోదాకూ బిడ్డ ఆడో మగో కావడానికీ నిలకడైన సంబంధమే తేలలేదు. కోతుల్లోనే నిలవని మాటను కోడలి మీద రుద్దడమేమిటి?

మనుషుల్లో తల్లి అండంలో ఉండేది ఎక్స్ క్రోమోజోమే. తండ్రి వీర్యకణాల్లో సుమారు సగం ఎక్స్‌వి, సగం వైవి. వై ఉన్న కణం అండంలో చేరితే మగబిడ్డ. అలాగని మీవారినీ తప్పుపట్టకండి, ఏ కణం చేరేదీ ఆయన చేతిలో లేదు. ముగ్గురేసి పిల్లలున్న ఎనిమిది ఇళ్ళు చూస్తే సుమారు ఒక ఇంట్లో ముగ్గురూ ఆడపిల్లలే ఉంటారు.

కొబ్బరికాయలో పువ్వు వస్తే సంతానయోగమని సంబరపడతాం. ఆ పువ్వు తినండి, రుచిగా ఉంటుంది, హాని లేదు. ఈ పొడి అలాంటిది కాదు. ఆడో మగో అండం ఫలించిన క్షణంలోనే నిర్ణయమైపోయింది, ఇప్పుడు ఏ మందూ మార్చలేదు. పైగా రెండో నెల బిడ్డకు అవయవాలు ఏర్పడే సమయం. ఇటువంటి మందులు వాడిన తల్లులకు అవకరాలున్న బిడ్డలు, మృతశిశువులు ఎక్కువగా పుట్టినట్టు హర్యానాలో జరిపిన పరిశీలనల్లో తేలింది.

ఇప్పటికే ఒకటి రెండుసార్లు తాగి ఉంటే కంగారుపడకండి. పొట్లం పారేయకుండా వెంటనే అమలాపురంలో ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్ళి స్త్రీల డాక్టరుకు చూపించండి. నాలుగో కాన్పు కనుక రక్తహీనత పరీక్ష తప్పనిసరి. ఫోలిక్ యాసిడ్ మాత్రలు అడగండి. స్కానింగులో ఆడో మగో చెప్పడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం, అందుకు మిమ్మల్ని బలవంతపెట్టినవారూ శిక్షార్హులే. వీలైతే అత్తగారినీ వెంటబెట్టుకు వెళ్ళండి. ఈ ఎక్స్, వై సంగతి డాక్టరు నోట వింటే ఆవిడకూ నమ్మకం కుదురుతుంది.