మూత్రంలో సూక్ష్మజీవులు కనబడితే మందు వాడాలా?

మా వీధిలో ఉండే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు గత వేసవిలో ఒక సాయంత్రం రిపోర్టుల సంచీతో మా ఇంటికి వచ్చారు. "డాక్టరు గారూ, అమ్మకు యూరిన్ ఇన్ఫెక్షన్ అన్నారు. నాలుగు రోజులుగా ఇంజెక్షన్లు చేయిస్తున్నాం. అయినా మమ్మల్ని గుర్తుపట్టడం లేదు" అన్నారు. ఆవిడకు ఎనభై రెండేళ్లు. మూత్రంలో చీముకణాలున్నాయి. కల్చర్‌లో ఇ.కోలై పెరిగింది. రోజుకొకటి చొప్పున ఎర్టాపెనెమ్ అనే ఖరీదైన ఇంజెక్షన్ రాశారు. ఆయనను నేను మూడే ప్రశ్నలు అడిగాను. మూత్రం పోసేటప్పుడు మంట ఉన్నదా? జ్వరం, చలి వచ్చాయా? ఇటీవల కొత్త మాత్ర ఏదైనా మొదలుపెట్టారా? మొదటి రెండింటికీ లేదన్నారు. మూడవదానికి సంచీలోంచి ఒక మాత్రల అట్ట తీసి చూపించారు. రక్తపోటుకు రెండు వారాల క్రితం మొదలుపెట్టిన క్లోర్‌థాలిడోన్. ఆ రాత్రే రక్తపరీక్ష చేయించాం. కనీసం 135 ఉండవలసిన సోడియం 118కి పడిపోయి ఉన్నది. మతి తప్పడానికి కారణం అక్కడ ఉండగా, నాలుగు రోజులపాటు మందు మూత్రానికి పడింది. పైగా ఆ ఇంజెక్షన్ కూడా వృద్ధులలో కొందరికి, ముఖ్యంగా మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి, మతిభ్రమ కలిగించగలదు.

ఆ వైద్యుని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. వృత్తిలో ఉన్న రోజుల్లో నేనూ ఇటువంటి చీటీలు చాలా రాశాను. రిపోర్టులో ఎర్రగా అచ్చయిన అంకె కనబడితే వైద్యుని కలం ఊరుకోదు, రోగి బంధువులు అసలే ఊరుకోరు. కాని మూత్రంలో సూక్ష్మజీవులుండడం ఒకటి, మూత్రవ్యాధి ఉండడం మరొకటి. ఈ తేడాను మనం పోగొట్టుకున్నామని నా అభిప్రాయం.

మిల్లీలీటరు మూత్రంలో 1,00,000 సూక్ష్మజీవులన్న కొలత 1956లో ఎడ్వర్డ్ కాస్ అనే అమెరికా వైద్యుని పరిశోధనతో వాడుకలోకి వచ్చింది. సూక్ష్మజీవులు నిజంగా మూత్రంలోనే ఉన్నాయా, లేక నమూనా పట్టేటప్పుడు చర్మం మీదినుండి కలిశాయా అని తేల్చడానికి ఆ అంకె ఉపయోగపడుతుంది. మనిషికి జబ్బు ఉన్నదో లేదో అది చెప్పదు. వృద్ధాశ్రమాలలోని స్త్రీలలో నూటికి 25 నుండి 50 మందికి ఏ బాధా లేకుండానే మూత్రంలో సూక్ష్మజీవులుంటాయి. నెలల తరబడి మూత్రపు గొట్టం ఉన్నవారిలో దాదాపు అందరికీ ఉంటాయి. వీరికి యాంటీబయాటిక్ ఇస్తే కొన్నాళ్లు కనుమరుగై, మళ్లీ వస్తాయి. వచ్చేవి తరచు మరింత మొండివి. అమెరికా అంటువ్యాధుల నిపుణుల సంఘం 2019లో ఈ విషయం స్పష్టంగా చెప్పింది. లక్షణాలు లేనప్పుడు మందు అవసరమైనవారు ముఖ్యంగా ఇద్దరే. ఒకరు గర్భిణి, రెండవవారు మూత్రమార్గంలో రక్తం వచ్చే శస్త్రచికిత్సకు సిద్ధమవుతున్నవారు. గర్భిణికి ఏ బాధా లేకపోయినా మందు వాడాలి. వదిలేస్తే ఆ సూక్ష్మజీవులు మూత్రపిండాలకు ఎక్కే ప్రమాదం ఆమెకు ఎక్కువ.

వృద్ధులు ఉన్నట్టుండి తికమకపడితే మూత్రపరీక్షకు పంపడం ఈనాడు ఆనవాయితీ అయింది. జ్వరం, వణుకు, నడుము పక్కన నొప్పి ఉంటే ఆలస్యం చేయకూడదు, నిజమే. అవేవీ లేకపోతే ముందు చూడవలసినవి సోడియం, చక్కెర, మలబద్ధకం, కొత్త మాత్రలు, తలకు తగిలిన దెబ్బ.

ఇక నిజమైన మూత్రాశయ వ్యాధి సంగతి. మంట, మాటిమాటికీ పరుగు, పొత్తికడుపులో నొప్పి. మన ఇళ్లలో దీనిని "వేడి చేసింది" అంటారు. బార్లీ నీళ్లు, మజ్జిగ, సబ్జా గింజలు ఇస్తారు. వాటితో నాకు పేచీ లేదు, నీరు ఎక్కువ తాగడం మంచిదే. పేచీ అంతా రెండవ రోజున మందుల షాపులో కొనే నార్‌ఫ్లాక్సాసిన్‌తో. తొంభైలలో నేనే వందలమందికి రాశాను, అప్పుడు బాగా పనిచేసేది. ఈనాడు మన దేశంలో మూత్రం నుండి పెరిగే ఇ.కోలైలో అత్యధిక భాగం ఈ కుటుంబపు మందులకు లొంగడం లేదు. పైగా ఇవి కొందరిలో కండరాలను ఎముకకు కట్టే స్నాయువులను తెంపుతాయి, నరాలను దెబ్బతీస్తాయి. వేరే మందు ఉన్నప్పుడు సాధారణ మూత్రాశయ వ్యాధికి వీటిని వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లోనే హెచ్చరించింది.

ఆ వేరే మందు మన దగ్గర ఉన్నది. నైట్రోఫురాంటోయిన్ 1953 నుండి వాడుకలో ఉన్న పాతమందు. దానికి ప్రకటనలు లేవు, దానిని పొగిడే మెడికల్ రిప్రజెంటేటివ్ కూడా నాకు తారసపడలేదు. రక్తంలో నిలవకుండా నేరుగా మూత్రంలో చేరి, అక్కడే పనిచేస్తుంది. సూక్ష్మజీవిని ఒకేసారి అనేక చోట్ల దెబ్బతీస్తుంది గనుక దానికి ఎదురునిలవడం ఇ.కోలైకి సులభం కాలేదు. డెబ్బై ఏళ్ల తరువాత కూడా ఎక్కువ భాగం లొంగుతూనే ఉన్నది. నెమ్మదిగా విడుదలయ్యే 100 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు, భోజనంతో, 5 రోజులు. మూత్రం ముదురు రంగుకు మారితే భయపడనక్కరలేదు. రెండవది ఫాస్ఫోమైసిన్, నీటిలో కలిపి ఒక్కసారి తాగే 3 గ్రాముల పొడి. అయితే నైట్రోఫురాంటోయిన్ మూత్రపిండానికి ఎక్కిన వ్యాధికి పనికిరాదు, ఎందుకంటే అక్కడి కణజాలంలో చాలినంత చేరదు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారు, జి-6-పి-డి లోపం ఉన్నవారు, ప్రసవానికి దగ్గరపడిన గర్భిణులు దీనిని వాడరాదు. పురుషులకు, పిల్లలకు, గర్భిణులకు లెక్క వేరు. కనుక ఈ పేరాను చీటీగా భావించి షాపుకు వెళ్లవద్దని మనవి. యాంటీబయాటిక్ అట్ట మీద ఎర్రగీత ఉంటుంది. చీటీ లేకుండా అమ్మరాదని దాని అర్థం.

రోగుల వల్ల జరిగే ఒక పొరపాటు కూడా ఉంది. రెండు మాత్రలు మింగి, తగ్గలేదని మూడవ రోజు కల్చర్‌కు వస్తారు. సూక్ష్మజీవి సగం చచ్చి ప్రయోగశాలలో పెరగదు. "ఏమీ లేదు" అని రిపోర్టు వస్తుంది, మంట మాత్రం ఉంటుంది. మొదటిసారి వచ్చిన సాధారణ మంటకు కల్చర్ తప్పనిసరి కాదు. మళ్లీ మళ్లీ వచ్చినా, జ్వరం ఉన్నా, రోగి పురుషుడైనా, గర్భిణి అయినా మొదటి మాత్రకు ముందే నమూనా ఇవ్వాలి. మొదట వచ్చే ధారను వదిలి, మధ్యధారను పట్టాలి. రెండు గంటలలో ప్రయోగశాలకు చేర్చాలి, కుదరకపోతే ఫ్రిజ్‌లో ఉంచాలి.

ఇంత పట్టుదల ఎందుకంటారా? కార్బాపెనెమ్ మందులను విరిచేసే ఎన్‌డీఎమ్-1 అనే ఎంజైము మొదట దొరికింది మూత్రంలోనే. ఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్‌కు తిరిగి వెళ్లిన ఒక రోగి మూత్రం నుండి 2008లో వేరుచేసిన క్లెబ్సియెల్లాలో దానిని గుర్తించారు. మా మాస్టారి తల్లికి అక్కరలేకుండా పడిన ఎర్టాపెనెమ్ ఆ కుటుంబపు మందే. రేపు నిజంగా రక్తంలో విషం పాకిన రోగికి దానికన్నా పై మెట్టు మందులు మన దగ్గర ఎన్నో లేవు.

ఆవిడను ఆసుపత్రిలో చేర్చి, రక్తపోటు మాత్ర మార్చి, సోడియంను నెమ్మదిగా పెంచారు. నాలుగవ రోజున మనవరాలిని పేరు పెట్టి పిలిచిందట. ఇంజెక్షన్ల వల్ల పట్టుకున్న విరేచనాలు తగ్గడానికి మాత్రం మరో రెండు వారాలు పట్టింది. మూడు నెలల తరువాత మాస్టారు మళ్లీ వచ్చారు, చేతిలో కొత్త రిపోర్టు. "డాక్టరు గారూ, హెల్త్ చెకప్ చేయించాం. అదే ఇ.కోలై మళ్లీ లక్ష దాటింది. అమ్మ మాత్రం బాగానే ఉంది, పొద్దున్నే తులసికోటకు నీళ్లు కూడా పోస్తోంది." రిపోర్టును మడిచి ఫైలులో పెట్టేయమన్నాను.