ప్రశ్నకి ఒక గంట కావాలి

 

మన హాస్టల్లో లెక్కల గురించి, సైన్సు గురించి గట్టి చర్చ జరిగేది క్లాసులో అనుకుంటే పొరపాటే. రాత్రి స్టడీ అవర్ అయిపోయాక, లైట్లు ఆపే బెల్లు కొట్టేలోగా ఒక పావుగంట దొరుకుతుంది చూడండి, అప్పుడు జరుగుతుంది. "మైనస్సునీ మైనస్సునీ గుణిస్తే ప్లస్ ఎలగయిపోద్దిరా?" అని ఒకడు అడుగుతాడు. "అరసవిల్లిలో సూర్యుడి కిరణాలు ఏడాదిలో రెండుసార్లే దేవుడి కాళ్ళమీద ఎందుకు పడతాయి?" అని ఇంకొకడు. "యూనివర్సిటీలో లెక్కలు చదివినోళ్ళు రోజంతా ఏటి చేస్తారు? పెద్ద పెద్ద ఎక్కాలు చదువుతారేటి?" అని మూలనుంచి మరొకడు. అందరం నవ్వుతాం. బెల్లు కొడతారు. పొద్దున్న క్లాసులో మాత్రం ఒక్కడూ చెయ్యెత్తడు.

ఆ పావుగంటలో వచ్చే ప్రశ్నలే మన చదువులో విలువైన భాగం అని నా అభిప్రాయం. వాటికి పగటిపూట చోటివ్వాలి. ఈ మాట ఇప్పుడే ఎందుకంటున్నానంటే, పదో తరగతివాళ్ళం ఈ ఏడాది గ్రూపు ఎంచుకోవాలి. గదిలో మాట్లాడుకుంటుంటే చాలామంది ఎమ్‌పీసీ వద్దనే అంటున్నారు. ఎందుకురా అంటే ఒకటే మాట: "మనోళ్ళకి లెక్కలు రావు." ఈ మాట ఎవరో బయటివాళ్ళు అంటే కోపం వస్తుంది. మనకి మనమే అనుకుంటుంటే ఎవరి మీద కోప్పడాలి?

మనోళ్ళకి లెక్కలు రావన్న మాట ఎంత నిజమో చూద్దాం. మా సవర భాషలో మా అమ్మమ్మ లెక్కపెట్టే తీరు చెప్తాను. ఒకటి నుంచి పన్నెండు వరకు వేరే వేరే మాటలున్నాయి. పన్నెండుని మిగ్గెల్ అంటారు. పదమూడుకి కొత్త మాట లేదు, మిగ్గెల్-బొయ్, అంటే పన్నెండూ ఒకటీ. అలాగ పన్నెండూ ఏడూ అంటే పంతొమ్మిది. ఇరవై రాగానే ఒక కొడి అయిపోతుంది. (పలకడం ఊరికీ ఊరికీ కొంచెం మారుతుంది, సీతంపేట వైపు మిత్రులు నన్ను దిద్దవద్దు.) అక్కడినుంచి కొడి మీద మళ్ళీ ఒకటి, రెండు అంటూ పన్నెండు దాకా వెళ్ళి, ముప్పై మూడు అంటే "కొడీ పన్నెండూ ఒకటీ" అంటారు. 93 ఎలా చెప్తారో ఎవరైనా ఊహించండి చూద్దాం. నాలుగు కొడులు, పన్నెండు, ఒకటి. 80, 12, 1. కూడి చూసుకోండి.

ఇది విని మన గదిలో ఇద్దరు నవ్వారు. "అదేం లెక్కరా, పదులు లేవా?" అన్నారు. అయితే ఫ్రెంచి వాళ్ళని చూసి కూడా నవ్వాలి. ఫ్రెంచి భాషలో 80 అంటే నాలుగు ఇరవైలు, 93 అంటే నాలుగు ఇరవైలూ పదమూడూ. వాళ్ళలో ఎందరో పెద్ద గణిత శాస్త్రజ్ఞులు పుట్టారు, ఎవరూ వాళ్ళని లెక్కలు రానివాళ్ళు అనలేదు. గంటకి 60 నిమిషాలు, వృత్తానికి 360 డిగ్రీలు అన్న లెక్క వేల ఏళ్ళ కిందటి బాబిలోనియా వాళ్ళ 60ల లెక్కనుంచి వచ్చింది. దాన్ని మనం రోజూ గోడగడియారంలో చూస్తూనే ఉన్నాం.

పన్నెండుకి ఒక సుగుణం కూడా ఉంది. పదిని రెండు చేత, అయిదు చేత మాత్రమే సరిగ్గా భాగించగలం. పన్నెండుని రెండు, మూడు, నాలుగు, ఆరు నాలుగింటి చేతా భాగించొచ్చు. పది అరటిపళ్ళు ముగ్గురికి పంచమంటే కొట్లాటే, పన్నెండు పంచమంటే తలో నాలుగు. అందుకే బజార్లో డజను ఇంకా బతికే ఉంది. మైదాన ప్రాంతం మిత్రులకి కూడా ఇలాంటివి ఉన్నాయి. కుంచానికి రెండు అడ్డలు, నాలుగు మానికలు, ఎనిమిది తవ్వలు, పదహారు సోలలు. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు. కంప్యూటరు లోపల నడిచేది కూడా ఈ రెట్టింపుల లెక్కే అని మన సైన్సు సారు చెప్పినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఇంట్లో ధాన్యం కొలిచే కుంచమే.

గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకుని, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు ఇంగ్లీషులో అచ్చు వేయించారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం, పద్యాలు చదువుతాం, మైకు ముందు వక్తృత్వ పోటీ పెడతాం. ఆయన అంత కష్టపడి నేర్చుకున్న భాషలో లెక్కపెట్టడం ఎలాగో ఆ రోజు ఒక్కరైనా చెప్తే బాగుండును. మా ఊళ్ళో చిన్నపిల్లలు ఇప్పుడు తెలుగు అంకెలే అంటున్నారు.

ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి వచ్చిన పెద్దలు ప్రతిసారీ ఒకటి చెప్తారు: సంతలో తూకంలో మోసపోకుండా ఉండటానికైనా లెక్కలు నేర్చుకోండి అని. మంచి మాటే, కాదనను. కానీ అంత చిన్న పనికి పదేళ్ళ చదువెందుకు? చింతపండు ఎన్ని కేజీలో, కొండచీపుర్లు ఎన్ని కట్టలో, ఎంత రావాలో మా అమ్మమ్మ బడి ముఖం చూడకుండానే చెప్పగలదు. మనకి బడి ఇవ్వవలసింది అంతకంటే పెద్దది ఉంది.

సరే, మైనస్ సంగతి. దీనికి జవాబు మా గదిలో రెండు రోజులు నలిగింది. అప్పుని మైనస్ అనుకోండి. తీసెయ్యడం కూడా మైనస్. సాహుకారు దగ్గర నీ పేరు మీద పదేసి రూపాయల చీటీలు మూడున్నాయి. ఆయన ఆ మూడూ చింపేశాడు. అంటే మైనస్ పదిని మూడుసార్లు తీసేశాడు. నీ చేతికి పైసా రాలేదు గానీ ముప్పై రూపాయలు నీకు మిగిలినట్టే. "సాహుకారు ఎప్పుడైనా చీటీ చింపుతాడేటి?" అని ఒకడు అడ్డం తగిలాడు. ఆ అనుమానం న్యాయమైనదే. అందుకని సాహుకారు లేని జవాబు ఒకటి చెప్తాను. పదినీ మైనస్ పదినీ కలిపితే సున్నా. సున్నాని దేంతో గుణించినా సున్నాయే రావాలి. మైనస్ మూడుతో గుణించండి. మైనస్ మూడు పదులు మైనస్ ముప్పై. మొత్తం సున్నా కావాలంటే మిగిలిన ముక్క, మైనస్ మూడు ఇంటూ మైనస్ పది, ప్లస్ ముప్పై కాక తప్పదు. ఎవరో రూలు పెట్టారని ఒప్పుకోవడం వేరు, వేరే దారి లేదని తెలుసుకోవడం వేరు. రెండోది తెలిసిన రాత్రి నాకు నిద్ర ఆలస్యంగా పట్టింది.

అరసవిల్లి ప్రశ్నకి క్యాలెండరు చాలు. మార్చి 10 ప్రాంతంలో, అక్టోబరు 2 ప్రాంతంలో పొద్దున్నే కిరణాలు గుమ్మాలు దాటుకుని స్వామి పాదాల మీద పడతాయి. మబ్బు పట్టిన ఏడాది పడవు. సూర్యుడు రోజూ ఒకేచోట ఉదయించడు. ఎండాకాలంలో తూర్పుకి ఉత్తరంగా జరుగుతాడు, చలికాలంలో దక్షిణంగా జరుగుతాడు. డిసెంబరు 21 వరకు దక్షిణానికి పోయి అక్కడినుంచి వెనక్కి తిరుగుతాడు. ఒకే దారిలో పోయి అదే దారిలో తిరిగి వచ్చేవాడు మధ్యలో ఉన్న ఊరిని రెండుసార్లు దాటాలి కదా! అక్టోబరు 2 నుంచి డిసెంబరు 21 దాకా రోజులు లెక్కపెట్టండి, 80. డిసెంబరు 21 నుంచి మార్చి 10 దాకా లెక్కపెట్టండి, 79. పోయేటప్పుడు ఎన్ని రోజులో వచ్చేటప్పుడూ ఇంచుమించు అన్నే. భక్తి ఉన్నవాళ్ళ భక్తికి దీనివల్ల లోటేమీ రాదు. ఆ గుడి గుమ్మం దిక్కుని ఆకాశంతో సరిచూసి కట్టిన పనివాళ్ళ మీద నాకైతే గౌరవం పెరిగింది.

ఇక యూనివర్సిటీ. మా తాతల కాలంలో యూనివర్సిటీ అంటే విశాఖపట్నమే, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో పుట్టింది. తరవాత 2008లో ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ వచ్చింది. 2019లో విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం మొదలైంది. పేరులో గిరిజన అని ఉంది కాబట్టి అది మనకోసం కాచుకుని కూర్చుందని మనలో కొందరి నమ్మకం. అది కేంద్ర విశ్వవిద్యాలయం, దేశంలో ఎక్కడివాళ్ళయినా చేరొచ్చు. ఊరు దగ్గరైంది, అంతే. చదువు మనమే దగ్గర చేసుకోవాలి.

డిగ్రీలో లెక్కలు తీసుకున్న ఒక సీనియర్ అన్న సెలవుల్లో వచ్చినప్పుడు మూలనుంచి వచ్చిన ప్రశ్న ఆయన్ని అడిగాం. ఎక్కాలు కాదర్రా అని నవ్వి, "అక్కడ లెక్క చెయ్యమని తక్కువ అడుగుతారు, ఎందుకలా అయిందో చూపించమని ఎక్కువ అడుగుతారు" అన్నాడు. గైడు చూసి బట్టీ పట్టినవాళ్ళు మొదటి ఏడాదే తెల్లమొహం వేస్తారట. అంటే మన పావుగంట ప్రశ్నలు అక్కడ పనికొచ్చే సరుకే! క్లాసులో చేతులు కట్టుకుని కూర్చోవడం మాత్రం అక్కడ పనికిరాదు.

ఒక్క ప్రశ్న ఎంత పని చేయగలదో చెప్పడానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ కల్యంపూడి రాధాకృష్ణారావు గారిది. సి.ఆర్. రావు అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. 1920లో తెలుగు కుటుంబంలో పుట్టారు. విశాఖపట్నంలో చదువుకుని, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల డిగ్రీ తెచ్చుకుని కలకత్తా వెళ్ళారు. ఆయన వయసు ఇంకా పాతిక లోపే, అక్కడ పాఠం చెప్తున్నారు. ఒక జీడిపిక్కల బస్తాలో పుచ్చులెన్నో తెలియాలంటే బస్తా అంతా కుమ్మరించం, రెండు గుప్పిళ్ళు తీసి చూసి అంచనా కడతాం. ఆ అంచనా ఎంత దగ్గరగా రావచ్చు, దానికో హద్దు ఉందా అన్నది ఆ పాఠం (బస్తా ఉదాహరణ నాది). చాలా ఎక్కువ పిక్కలు తీసి చూసినప్పటి లెక్క అప్పటికే తెలుసు. దండేకర్ అనే విద్యార్థి లేచి, తక్కువ తీసినప్పుడు కూడా అలాంటి హద్దు నిరూపించలేమా అని అడిగాడు. రావు గారు ఆ రాత్రి కూర్చుని చేసి, మర్నాడు క్లాసులో చూపించారు. 1945లో అది అచ్చయింది. స్వీడన్‌లో క్రామెర్ అనే ఆయన విడిగా అదే కనిపెట్టాడు కాబట్టి దాన్ని క్రామెర్-రావు అసమానత అంటారు, ప్రపంచమంతా చదువుతారు. 2023లో, 102 ఏళ్ళ వయసులో, రావు గారికి అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది. ఆ ఏడాదే ఆగస్టులో కన్నుమూశారు.

ఆ దండేకర్ మన బడుల్లో చదివి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. నేను ఇదివరకు చదివిన ఒక బడిలో, సున్నాతో భాగిస్తే ఎంతొస్తుందని అడిగిన కుర్రాణ్ణి "ముందు భాగహారం నేర్చుకో" అని కూర్చోబెట్టేశారు. వాడు మరి లేవలేదు. ఆ ప్రశ్నకి చక్కని జవాబు ఉంది. ఆరుని రెండుతో భాగిస్తే మూడు, ఎందుకంటే మూడు రెళ్ళు ఆరు. సున్నాతో దేన్ని గుణిస్తే ఆరొస్తుంది? ఏదీ రాదు. ఒక్క నిమిషం పని.

సిలబస్ పూర్తికావాలి, రిజల్టు రావాలి, పై నుంచి అడుగుతారు అని సార్లు అంటారని తెలుసు. వాళ్ళ కష్టం చూస్తూనే ఉన్నాం. స్టడీ అవర్ తీసెయ్యమని నేను అడగడం లేదు. ఆదివారం సాయంత్రం, టీవీకి ముందు ఒక గంట ఇప్పించండి. ఆ గంటలో ఎవరైనా ఏదైనా అడగొచ్చు, ఆరో తరగతివాళ్ళయినా సరే. అడిగినవాణ్ణి నవ్వకూడదు. జవాబు సార్లకే తెలియాలని లేదు, తెలియకపోతే వారం రోజులు ఇదే గోడమీద ఉంచుదాం. రావు గారికే ఒక రాత్రి పట్టింది కదా! సైన్సు బీరువా తాళం కూడా ఆ గంట ఇప్పిస్తే, లోపలున్న కటకాలు ఎలా ఉంటాయో పదో తరగతి అయిపోయేలోగా ఒకసారి చూస్తాం.

జులై ఆఖరి వారంలో మధ్యాహ్నం పన్నెండు గంటల ప్రాంతంలో సూర్యుడు మన ప్రాంతంలో సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువు కర్రకి నీడ ఉండదు. మే నెలలో కూడా ఒకసారి వస్తాడు గానీ అప్పుడు మనకి సెలవులు. జులైలో వాన ముసురు ఉంటుంది, అయినా కర్ర పాతి కనిపెట్టుకుని ఉందాం. అరసవిల్లి లెక్క తెలిసినవాడికి ఇది కూడా ఏడాదికి రెండుసార్లు ఎందుకో చెప్పక్కర్లేదు.

ప్రశ్నల కోసం రెండు వందల పేజీల నోటు పుస్తకం ఒకటి కుట్టి, అట్ట వేసి ఉంచాను. మొదటి పేజీలో రెండు రాశాను. ఒకటి: సూర్యుడు డిసెంబరు 21న వెనక్కి తిరిగితే, ఉత్తరాయణం అని జనవరిలో సంక్రాంతికి ఎందుకంటాం? రెండు: సవరలో లెక్కపెడితే నూరుకి కొత్త మాట అవసరమా, అయిదు కొడులు చాలా? పుస్తకం మెస్ గుమ్మం దగ్గర వేలాడదీయమంటారా, ఆఫీసు రూములో పెట్టమంటారా, వార్డెన్ సారు చెప్పాలి. మెస్ దగ్గరయితే పప్పు మరకలు పడతాయి గానీ రోజుకి మూడుసార్లు అందరి కంటా పడుతుంది.

— పదో తరగతి విద్యార్థి