ఇంటి సంగతులు: చిన్నకుక్క కుట్లు మానేవరకు

ఈ నెల విషయాన్ని ఒక సోదరి ఉత్తరం మన చేతికందించింది. వారింటి చిన్న ఆడకుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారట. "డాక్టరుగారు మెడకు గరాటు వంటిది తొడిగి పంపారు. అది తలుపులకూ కుర్చీలకూ కొట్టుకుంటూ తిరుగుతూంటే చూడలేకపోతున్నాం. కుక్క తన పుండు తానే నాకి మాన్పుకుంటుందని మా అత్తగారంటున్నారు. తీసెయ్యవచ్చునా?" అని ఆమె ప్రశ్న.

తీయకూడదమ్మా. అత్తగారి మాటలో బొత్తిగా సత్యం లేకపోలేదు. కుక్క ఉమ్మిలో కొన్ని సూక్ష్మక్రిములను చంపే పదార్థాలు కద్దు. కాని పుండు కుళ్లబెట్టే క్రిములు కూడా ఆ నోటనే ఉంటాయి. పైగా అది వట్టి నాకుడుతో ఊరుకోదు. దురద పుట్టగానే ముందుపళ్లతో దారాన్ని కొరుకుతుంది. మనం వంటింట్లోకి వెళ్లి పాలు దించి వచ్చేలోపల కుట్లు ఊడదీసుకోగలదు.

ఈ ఆపరేషన్ పైకి చిన్న గాటుగా కనిపిస్తుంది గాని, చిన్నది కాదు. పొట్ట కోసి అండాశయాలను, సాధారణంగా గర్భసంచిని కూడా, తీసేస్తారు. లోపలి కండరపు పొరను కరిగిపోయే దారంతో కుట్టి, ఆ పైన చర్మాన్ని కుడతారు. చర్మపు కుట్లు ఊడితే చీము పట్టవచ్చు. లోపలి కుట్లు కూడా తెగితే పేగులే బయటికి రావచ్చు. గరాటుతో అవస్థపడేది కొద్ది రోజులే. జాలిపడి దాన్ని తీస్తే రెండోసారి ఆపరేషన్ బల్ల ఎక్కించవలసి రావచ్చు. ఏది జాలి అవుతుందో మీరే ఆలోచించండి.

గరాటు అంచు కుక్క ముక్కు కొసను దాటి ఉండాలి. మెడ దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులు చాలు. గిన్నె కాస్త ఎత్తుమీద పెడితే దానితోనే తింటుంది. ఒకటి రెండు రోజుల్లో చాలా కుక్కలకు అలవాటైపోతుంది. బొత్తిగా సహించకపోతే, పొట్టను కప్పే మెత్తని నూలుచొక్కా తొడగవచ్చునేమో డాక్టరుగారిని అడగండి. అది తడిసినా మాసినా వెంటనే మార్చాలి.

ఇంటికి తెచ్చిన మొదటి రాత్రి మత్తు పూర్తిగా వదలదు. చిన్నకుక్క ఒంటి వేడి తొందరగా తగ్గిపోతుంది గనుక గాలి కొట్టని చోట, నేలమీదనే, దుప్పటి పరిచి పడుకోబెట్టండి. మంచం మీద వద్దు, తూలి పడుతుంది. నిలకడగా నిలబడగలిగిన తరువాత కొంచెం నీళ్లు, మామూలులో సగం తిండి ఇస్తే చాలు. ఒకసారి వాంతి అయితే కంగారుపడనక్కరలేదు.

చర్మపు కుట్లు విప్పేది సాధారణంగా 10 నుంచి 14 రోజులకు. కరిగిపోయే దారమైతే విప్పే పని లేదు గాని, ఒకసారి చూపించి రావడం మంచిది. అంతవరకు పరుగులు, మెట్లు, సోఫామీదికి గెంతడం పనికిరావు. బయటికి గొలుసు వేసి తీసుకువెళ్లి, పని కాగానే వెనక్కు తేవాలి. ఎత్తుకునేటప్పుడు ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి పిరుదుల కింద వేసి, పొట్ట నొక్కుకోకుండా ఎత్తాలి. మూడో నాటికే అది హుషారుగా గంతులు వేయబోతుంది. హుషారు వచ్చినంత మాత్రాన గాయం మానినట్లు కాదు. జాగ్రత్త ఎక్కువ కావలసింది అప్పుడే.

రోజూ ఉదయం, సాయంత్రం వెలుతురులో గాటును చూడండి. చేత్తో తాకవద్దు. మొదటి రోజుల్లో కొద్ది ఎరుపు, కొద్ది వాపు, ఒకటి రెండు చుక్కల పలచని ఎర్రనీరు ఉండవచ్చు. ఎరుపూ వాపూ రోజురోజుకూ తగ్గాలి గాని పెరగకూడదు. నీళ్లు పోయవద్దు, కుట్లు విప్పేదాకా స్నానం లేదు. మన ఇళ్లలో చేతికందేవి పసుపు, కొబ్బరినూనె, కాఫీపొడి, డెట్టాల్. ఇవేవీ రాయవద్దు. నూనె తడిని నిలిపి నాకుడును పెంచుతుంది, డెట్టాల్, స్పిరిట్ కొత్త చర్మాన్ని మండిస్తాయి. ఈగలు వాలనివ్వవద్దు. వానకాలంలో ఈగ వాలిన పుండులో పురుగులు పడడం మన దేశంలో అరుదు కాదు. కుక్కను ఇంట్లోనే ఉంచండి.

మూలుగుతున్నదని మన మందులపెట్టెలోని మాత్ర వేయవద్దు. ఇబుప్రొఫేన్ కుక్క కడుపులో పుండ్లు పుట్టించి మూత్రపిండాలను పాడుచేస్తుంది. పారాసెటమాల్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. నాలుగైదు కిలోల ప్రాణికి మన మాత్ర ఒక్కటే ఎంత పెద్ద మోతాదో ఊహించండి. నొప్పికి మందు దాని బరువు చూసి పశువైద్యుడే ఇవ్వాలి.

ఈ కింది వాటిలో ఏది కనిపించినా తెల్లవారనిద్దామని ఆగవద్దు: గాటునుంచి నెత్తురు ఆగకుండా కారడం, చీము లేక దుర్వాసన, గాటు విచ్చుకోవడం, ఉబ్బు పెరగడం, చిగుళ్లు తెల్లబడడం, పదేపదే వాంతులు, ఒకరోజు గడిచినా తిండి ముట్టకపోవడం. కుక్క ఒంటి వేడి మామూలుగా 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 103 దాటితే ఫోను చేయవలసిందే. లోపలిది ఏదైనా బయటికి వస్తే వేలితో లోపలికి నెట్టవద్దు. శుభ్రమైన తడిగుడ్డ కప్పి, నాకకుండా పట్టుకుని, ఆ క్షణమే ఆస్పత్రికి తీసుకువెళ్లండి.

మనం స్థిరపడిన పట్టణాల్లో ఇందుకు వసతి లేకపోలేదు. బొంబాయిలో 1886 నుంచి, మద్రాసు వేపేరిలో 1903 నుంచి, బెంగళూరు హెబ్బాళలో 1958 నుంచి పశువైద్య కళాశాలలున్నాయి. చదివిన వైద్యులుండగా ఇంటివైద్యానికి దిగడం దేనికి?

మరొక చిక్కు మనవంటి ఇళ్లకే ప్రత్యేకం. డాక్టరుగారు తమిళంలోనో కన్నడంలోనో చెబుతారు. కోడలు వింటుంది, అమ్మమ్మకు సగమే తెలుస్తుంది. మనవడికి తెలుగు మాటలు వచ్చును గాని అక్షరాలు రావు. మధ్యాహ్నం ఇంట్లో ఉండేది వీరిద్దరే. కనుక జాగ్రత్తలను ఒక కాగితం మీద తెలుగులోనూ, ఊరి భాషలోనూ రాసి గోడకు అంటించండి. మందు వేళలు, కుట్లు విప్పే తేదీ కాలెండరులో గుర్తుపెట్టండి. పనిమనిషికీ చెప్పండి. ఇంటిల్లిపాదిలో ఒక్కరు జాలిపడి గరాటు తీసినా తక్కినవారి శ్రమ వృథా.

కుట్లు మానిన తరువాత ఒక్క మాట. ఈ ఆపరేషన్ అయిన కుక్కకు మునుపటంత తిండి అక్కరలేదు. తగ్గించకపోతే కొవ్వు పడుతుంది. బరువు చూసుకుంటూ కొలత డాక్టరుగారిని అడిగి తగ్గించండి. చేసిన ఆపరేషన్ వల్ల ఇక ముందు దానికి గర్భసంచి చీముపట్టే ప్రాణాంతకమైన జబ్బు భయం దాదాపు ఉండదు. ఉత్తరం రాసిన సోదరి అత్తగారికి ఈ సంగతి కూడా చదివి వినిపించాలని కోరుతున్నాను.