పిల్లవాని చంచలత్వానికి తల్లిని నిందించనేల?

"వీడు అచ్చం వాళ్ళ నాయనే, ఒకచోట కుదురుగా కూర్చుంటేగా!" అంటుంది నాయనమ్మ. మరుక్షణమే కోడలివైపు తిరిగి, "నీ గారాబమే వీణ్ణి చెడగొట్టింది" అంటుంది. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల ఇండ్లలో వినవచ్చే ఈ రెండు మాటలలో మొదటిదే శాస్త్రానికి చేరువైనది. ఏడీహెచ్‌డీ అని వైద్యులు వ్యవహరించే అవధానలోపం, అతిచంచలత చాలావరకు వంశానుగతములు.

అయితే ఒక ఇంట తరతరాలుగా కనిపించే ప్రతి బాధా వంశానుగతమని భావించరాదు. ఈ సంగతి మన మెట్టప్రాంతానికి వేరొకరు చెప్పనక్కరలేదు. తాతకు కీళ్ళు బిగుసుకొనిపోవడానికీ, మనుమనికి పళ్ళు గారపట్టడానికీ కారణం రక్తసంబంధం కాదు, ఇద్దరూ త్రాగిన నీటిలోని ఫ్లోరైడ్. 1937లో షార్ట్ మున్నగు వైద్యులు నాటి నెల్లూరు జిల్లా గ్రామాలలోనే ఆ వ్యాధిని గుర్తించి ప్రకటించారు. మరి చంచలత్వం కూడా అదేవిధంగా ఇంటి వాతావరణం వలన, పెంపకం వలన కలిగినదే కావచ్చును గదా?

ఈ సందేహాన్ని తీర్చినవి కవలలపై జరిగిన పరిశోధనలు. కవలలు ఏ రకమువారైనా ఒకే ఇంట, ఒకే తల్లి చేతిలో పెరుగుతారు. అయినప్పటికీ ఒకే అండం నుండి జన్మించిన కవలలలో ఒకరికి ఈ లోపముంటే రెండవవారికీ ఉండే అవకాశం, వేర్వేరు అండాల కవలలలో కంటే చాలా అధికం. ఈ విషయంలో మనుషుల మధ్యగల తేడాలలో సుమారు 74 శాతం జన్యుభేదాల వలననే అని ఆ పరిశోధనల సగటు. నూటికి 74 మంది పిల్లలకు సంక్రమిస్తుందని దీని అర్థం కాదు. 2023లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ఇందుకు సంబంధించిన 27 జన్యుస్థానాలను గుర్తించింది. ఒక్కొక్కదాని ప్రభావం అత్యల్పం. కనుక ఇది రక్తపరీక్షతో తేలేది కాదు, పెండ్లి సంబంధాలలో వెదకదగిన దోషమూ కాదు.

బీజంలో ఏ భాగం దూషితమైతే దాని నుండి ఏర్పడే అవయవం వికృతి చెందుతుందని చరకసంహిత శారీరస్థానం చెబుతుంది. నేటి జన్యుశాస్త్రమంతా అందులోనే ఉన్నదని చంకలు గుద్దుకోవడం నాకు రుచించదు. లోపానికి మూలం బీజంలో ఉండవచ్చునన్న ఊహ మాత్రం మనకు క్రొత్తది కాదు.

బీజంలో ఉన్నదని చేతులు ముడుచుకోనక్కరలేదు. హ్రస్వదృష్టి తండ్రి నుండి వచ్చినా కళ్ళద్దాలు పెట్టిస్తున్నాము గదా! సరస్వతి ఆకు వాడుతున్నామన్న ధీమాతో పిల్లల వైద్యనిపుణుని సంప్రదించడంలో జాప్యం చేయవద్దు. పాఠాన్ని చిన్నచిన్న భాగాలుగా చెప్పడం, తల్లిదండ్రులకు తగిన శిక్షణ, అవసరమైనచోట మందులు మేలు చేస్తాయి. వైద్యునివద్దకు తల్లిని ఒక్కతెనే పంపక తండ్రి కూడా వెళ్ళాలి. తన బాల్యం ఎట్లా గడిచిందో, బడిలో ఎన్ని దెబ్బలు తిన్నాడో దాచకుండా చెప్పాలి. వ్యాధినిర్ణయంలో వైద్యుడు అడిగే ప్రశ్నలలో అదీ ఒకటి.