ప్రాణమిచ్చినంతమాత్రమున ఋణము తీరునా?

మా పై తరగతుల విద్యార్థులు కొందరు గత వేసవి సెలవులలో 'లాస్ట్' అను అమెరికా దేశపు టెలివిజను కథను చూచి వచ్చి, బడి తెరచినది మొదలు దానినిగూర్చియే వాదించుకొనుచుండిరి. వసతి గృహమున రాత్రి చదువు ముగిసిన పిమ్మట ఆ వాదములు మా చెవిని బడుచుండెను. మొదట మేము దానిని కాలహరణముగా నెంచితిమి. కాని 'బలి', 'విమోచనము' అను మాటలు మాటిమాటికి వినబడుటచే, మేమును ఆ కథను మొదటినుండి తుదివరకు చూడవలసివచ్చెను. చూచుటకు మాకు నాలుగు మాసములు పట్టినది. దీపము ఆర్పు వేళను మేమే మీరితిమని వసతి గృహపు పిల్లలు నవ్వుకొనిన మాట నిజమే.

ఈ కథ 2004 సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన ఏ.బి.సి. వారి టెలివిజనులో ప్రారంభమై, 2010 మే 23వ తేదీన ముగిసెను. సిడ్నీ నగరమునుండి లాస్ ఏంజిలిస్ నగరమునకు పోవు విమానమొకటి దారిలో విరిగి ఒక ద్వీపమున పడగా, బ్రదికినవారికి అచ్చట సంభవించిన వింతలే ఇందలి విషయము. వారిలో పూర్వ దోషము లేనివాడు అరుదు. ఒకడు మత్తుమందునకు దాసుడు. ఒకడు ఇరాకు సైన్యమున బందీలను హింసించినవాడు. ఒకతె కన్నతండ్రినే చంపినది. కర్తలు మర్మముపై మర్మము పేర్చి సమాధానములు దాచుటచే, ప్రేక్షకులు ఆరేండ్లు తమ తమ ఊహలు అల్లుచుండిరి. అందు రెండు మా బడివరకును వచ్చినవి.

ఆ ద్వీపము కతోలికులు చెప్పు ఉత్తరించు స్థలమనియు, విమానము పడినప్పుడే అందరును మృతులైరనియు ఒక ఊహ. కర్తలైన లిండెలాఫ్, క్యూస్ గారలు కథ నడచుచుండగనే దీనిని కాదనిరి. కడపటి భాగములో మరణానంతర స్థితి యొకటి చూపబడినను, ద్వీపమున జరిగినది నిజముగా జరిగినదేయని జాక్ అను వైద్యునికి అతని తండ్రి స్పష్టముగా చెప్పును. ఇంకను వాదించువారు చెవి యొగ్గి వినలేదని మా అభిప్రాయము. దానిని విడచెదము.

రెండవ ఊహ అట్లు విడువదగినది కాదు. ఈ కథలో ఎవడు తన పూర్వపు పాపమునకు ప్రాయశ్చిత్తము చేసికొనునో వాడు వెంటనే మరణించును. మరణమే అతని విమోచనమునకు రసీదు అని వారి వాదము. నిదర్శనములు లేకపోలేదు. మత్తుమందును విడిచిన చార్లీ, 2007లో సముద్రగర్భమందలి గదిలో తలుపు బిగించి, వచ్చుచున్న ఓడ తాము నమ్మినవారిది కాదని అరచేత వ్రాసి చూపి, నీట మునిగెను. హింసకుడైన సయీద్, 2010లో జలాంతర్గామియందు ప్రేలనున్న బాంబును చేతబట్టుకొని తోడివారికి దూరముగా పరుగెత్తెను. ఇక జాక్ ద్వీపమును కాపాడి ప్రక్కను కత్తిపోటుతో పడిపోయెను. అతని ఇంటిపేరు గొఱ్ఱెల కాపరిని స్ఫురింపజేయునది, తండ్రి పేరు క్రిస్టియన్. ఇంకేమి కావలెనని పదవ తరగతి పిల్లవాడొకడు మమ్ము నిలదీసెను.

మైకేల్ సంగతి యేమని మేము అడిగితిమి. అపహరింపబడిన తన కుమారుని విడిపించుకొనుటకై అతడు 2006లో ఇద్దరు స్త్రీలను కాల్చి చంపెను. తరువాత 2008లో, ఓడలోని బాంబు వెంటనే ప్రేలకుండ దానిని చల్లబరచుచు, ఇతరులకు తప్పించుకొను వ్యవధినిచ్చి తాను మరణించెను. ఆ ఊహ ప్రకారము అతని లెక్క చెల్లిపోవలెను. కాని 2010లో అతడు మరల కనబడి, తాను చేసినదానివలన ముందునకు పోలేక ఆ ద్వీపమునందే గుసగుసలాడు ఆత్మలలో ఒకడనై యున్నానని చెప్పును. చావు రసీదు కాదని కథయే పలికినది గదా! విద్యార్థి కొంతసేపు ఊరకుండెను.

ఇందు మాకు మిక్కిలి భయము గొలిపినది లాక్ అనువాని మాట. చక్రముల కుర్చీలో తిరిగిన ఇతడు ద్వీపమున పడినంతనే నడువగలిగెను. ఆ ద్వీపమునకు చిత్తమున్నదని నమ్మెను. చెట్లపై చిక్కుకొన్న చిన్న విమానమొకటి కనబడగా, ఆ వేళకు తన కాళ్లు పట్టు తప్పుటచే, బూన్ అను యువకుని పైకెక్కించెను. విమానము క్రింద పడినది, బూన్ మరణించెను. గాయము ఎట్లు తగిలినదో వైద్యునికి లాక్ నిజము చెప్పలేదు. పిమ్మట అది ద్వీపము కోరిన బలియని సమర్థించుకొనెను. తన తప్పును ఒప్పుకొనుటకంటె దేవత కోరినదని చెప్పుట సులువు. యెఫ్తా మ్రొక్కుబడికి అతని కుమార్తె బలియైనది. మోరీయా పర్వతముపై ఇస్సాకును బలిపీఠమునుండి దింపినది మాత్రము దేవుడే.

బలియనగా నేమో పాపపరిహారమనగా నేమో కలగలుపుటవలననే ఈ ఊహ పుట్టినదని మా తలంపు. స్నేహితునికొరకు ప్రాణము పెట్టుట ప్రేమ. చార్లీది ప్రేమయే, అందు మాకు సందేహము లేదు. కాని తన చావుతో తన బాకీని తానే చెల్లించుకొందుననుట వేరు. పరిహారార్థబలి ఒక్కసారియే అర్పింపబడినదని నమ్ము మేము, మరియొకడు తన్ను తాను రెండవ బలిగా చేసికొనవలెనని చెప్పజాలము.

బెన్ అనువాని చరిత్రను మా విద్యార్థులు అంతగా తలపెట్టరు, చావలేదు గనుక కాబోలు. కథలో ఇతనికంటె దుష్టుడు అరుదు. తన పంతముచే పెంపుడు కుమార్తె కాల్చబడుటకు కారకుడయ్యెను; లాకును గొంతు బిగించి చంపెను; ద్వీపరక్షకుడైన జాకబును పొడిచెను. 2010లో ఇలానా అను ఆమె తుపాకి చూపి, ఇతనిచేతనే ఇతని గోతిని త్రవ్వించుచుండెను. అతడు తప్పించుకొని పారిపోయి, ఆమెకే తుపాకి గురిపెట్టియుండియు, చేసినదంతయు ఒప్పుకొనెను. ఆమె అతనిని చేర్చుకొనెను. అతడు తిరిగివచ్చి సముద్రతీరమున గుడారము కట్టుటకు చేయి సాయము చేయును. ఇంతే. మేము ఆరేండ్ల కథలో ఈ గుడారమునకే కంట నీరు పెట్టుకొంటిమి. మరణానంతర స్థితిలో ఇతడు మావలె ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడుగా చూపబడుట మమ్ము కొంత పక్షపాతులనుగా చేసియుండవచ్చును.

కడపట వారందరు దేవాలయమున ప్రవేశింపగా, బెన్ బయటనే కూర్చుండిపోవును. క్షమ దొరకనందున వెలివేయబడెనని విద్యార్థులందురు. కాదు. లాక్ అతనిని అచ్చటనే క్షమించెను. లోనికి రమ్మని హర్లీ పిలిచెను. తనకు ఇంకను పని మిగిలియున్నదని అతడే ఆగిపోయెను. 2010లోనే వెలువడిన అనుబంధ భాగములో, హర్లీ క్రింద సేవకుడై, ఒకప్పుడు తన మనుష్యులు అపహరించిన మైకేల్ కుమారుని అతడే వెదకి ఆసుపత్రినుండి తీసికొనివచ్చును. చనిపోయిన తండ్రికి సహితము ఆ బాలుడు సహాయపడవచ్చునని చెప్పును. (మృతుల విషయమై మా సంఘము అట్లు బోధింపదు; ఐనను కథ కథయే.) జక్కయ్య నాలుగంతలు మరల చెల్లించుటకు బ్రదికి యుండవలసివచ్చెను గదా.

ఈ సంగతి ఇంత పొడిగించుటకు కారణమున్నది. మమ్ము నిలదీసిన విద్యార్థియే నిరుడు క్రిస్మసు విందునకు కూడబెట్టిన సొమ్ములో కొంత తీసికొని దొరికిపోయెను. అప్పుడతడు మాతో, 'నా పేరు పట్టీలోనుండి కొట్టివేయుడు, అంతటితో సరిపోవును' అనెను. మేము కొట్టివేయలేదు. అతని యనుమతితోనే ఇది వ్రాయుచున్నాము. ఆ సొమ్మును వారమునకు కొంత చొప్పున ఐదు నెలలలో చెల్లించెను. ఈ సంవత్సరము విందు లెక్కను అతనిచేతనే వ్రాయించితిమి. రెండు చోట్ల కూడిక తప్పినది. ఎఱ్ఱ సిరాతో దిద్ది ఇచ్చితిమి.