టూర్‌లో ఒక ఖాళీ రోజు ఉండాలె

 

విద్యార్థి జీవితంలో విజ్ఞాన యాత్రలకు ఎంతో ప్రాముఖ్యత కలదు. పుస్తకంలో చదివింది కళ్ళారా చూస్తే మరిచిపోము. ఈ మాట వ్యాసం పరీక్షలో మనం అందరం రాస్తాం, మార్కులు కూడా పడతాయి. కానీ పోయిన నవంబరులో ఢిల్లీ, మనాలి టూరు పోయి వచ్చినంక నాకు ఇంకో మాట కూడా రాయాలనిపించింది. చూసింది మనసులో నిలవాలంటే మనం కూడా ఒక దగ్గర నిలవాలె.

ఇప్పుడు 8వ తరగతిలో ఉన్న చెల్లెళ్ళు వచ్చే ఏడాది పోయే టూరు కాగితం నోటీసు బోర్డు మీద పెట్టిన్రు. మేము మనాలిలో ఖాళీగా ఉన్న రోజు అందులో లేదు. దాని బదులు ఇంకో రెండు ఊర్లు చేర్చిన్రు. "పోయినసారి ఒక రోజు వేస్ట్ అయింది" అని అనుకుంటున్నారని విన్నాం. నేను వచ్చే ఏడు పదో తరగతి, టూరుకు పోను. కాబట్టి ఇది నా కోసం అడుగుతలేను.

ముందు ఢిల్లీ సంగతి చెప్తా. రెండు రోజుల్లో ఎర్రకోట, రాజ్‌ఘాట్, ఇండియా గేట్, కుతుబ్ మీనార్ అన్నీ చూసినం. కుతుబ్ మీనార్ ఎత్తు 73 మీటర్లు అని నోట్సులో రాసుకున్న. తల పైకెత్తి చూసేలోపే విజిల్ వేసిన్రు. ఢిల్లీ అంటే నాకు ఇప్పటికీ యాదికొచ్చేది నా ముందు నడిచిన అమ్మాయి జడ, పీఈటీ మేడం లెక్క పెట్టిన "ఒకటి, రెండు, మూడు". మేడం తప్పు అని కాదు. 42 మందిని తీసుకపోతే 42 మందిని తిరిగి తేవాలె కదా.

ఢిల్లీ నుంచి మనాలికి 500 కిలోమీటర్ల పైనే. రాత్రంతా బస్సు. సగం మందికి వాంతులు. తెల్లారి చూస్తే ఒక పక్క బియాస్ నది, ఎదురుగా మంచు కొండలు. మనాలి దాదాపు 2,000 మీటర్ల ఎత్తులో ఉంటది. మంచు పడితే జారే ఆటలకు, లేనప్పుడు గుడ్డ రెక్కలు కట్టుకొని గాలిలో ఎగరడానికి దేశమంతా అక్కడికి వస్తరు. దానిని పారాగ్లైడింగ్ అంటరు. కింద కులు దగ్గర నదిలో రబ్బరు పడవలు నడిపిస్తరు.

మొదటి రోజు సోలంగ్ లోయకు పోయినం. ఎర్రవి, పచ్చవి, నీలివి, ఆకాశం నిండా రెక్కలే. ఒక్కసారి ఎగరడానికి వాళ్ళు అడిగిన పైసలు విని నోరు మూసుకున్నాం. మా అమ్మ ఎండాకాలం తునికాకు తెంపుతది. కట్టకు 50 ఆకులు. ఎన్ని కట్టలు కడితే ఆ పైసలు వస్తాయో లెక్క మొదలుపెట్టి మధ్యలో ఆపేసిన. గడ్డి మీద కూర్చొని వేరేవాళ్ళు ఎగురుతుంటే చప్పట్లు కొట్టినం. అక్కడ అందరూ "సాహసం, సాహసం" అంటుంటే మాకు నవ్వొచ్చింది. వానాకాలం వాగు దాటి బడికి వచ్చినప్పుడు మమ్మల్ని ఎవరూ అట్ల అనలేదు.

రెండో రోజు పొద్దున కులు పోవాలె. బస్సు బ్రేకులు సరిగా లేవు, బాగు చేయకుండా ఘాట్ దిగను అని డ్రైవర్ అన్న గట్టిగా చెప్పిండు. మంచి పని చేసిండు. అప్పుడు మేడం ఆరుగురికి ఒక గుంపు చొప్పున ఏడు గుంపులు చేసి, "హడింబ గుడి అడవి దాటొద్దు, నది దిక్కు పోవద్దు, ఒంటి గంటకు అన్నానికి రావాలె, మళ్ళ నాలుగున్నరకు లెక్క ఇయ్యాలె" అని చెప్పి వదిలిన్రు.

చెప్తే నవ్వుతారు. మాకు ఏం చేయాలో తెలియలేదు. ఎవరూ చెప్పకపోయినా లైను కట్టినం! ఐదో తరగతిలో చేరినప్పటి నుంచి లేవడానికి గంట, తినడానికి గంట, చదవడానికి గంట, పడుకోవడానికి గంట. గంట లేని రోజు నాకు తెలిసి అదే మొదటిది.

హడింబ గుడి దేవదారు చెట్ల నడుమ ఉంటది. మన టేకు చెట్లు దాని పక్కన చిన్నపిల్లల లెక్క కనపడతాయి. గుడిని కట్టె, రాయి కలిపి కట్టిన్రు, 1553లో. లోపల పెద్ద బండ, దాని మీద అమ్మవారి పాదాలు. ఆమె ఎవరో కాదు, భీముని భార్య హిడింబి, 'మాయాబజార్' సినిమాలో మనం చూసిన ఘటోత్కచుని తల్లి. మన కథల్లో ఆమె రాక్షసి. అక్కడ ఆమె దేవత. ఆమె రాకుంటే కులు దసరా మొదలే కాదంట. అడవిలో పుట్టిన ఆడమనిషిని అంత పెద్ద చేసి మొక్కుతుంటే నాకు మన సమ్మక్క తల్లి యాదికొచ్చింది. గైడు పది నిమిషాలు చెప్పి వదిలేస్తే ఇది నాకు తట్టేది కాదు. చాలాసేపు ఊరికే కూర్చుంటేనే తట్టింది.

గుడి బయట అక్కడి ఆడవాళ్ళు కట్టుకునే ఉన్ని బట్టలు కిరాయికి ఇస్తున్నరు. టూరిస్టులు అవి కట్టుకొని ఫొటో దిగి విప్పేసి పోతున్నరు. మన బడికి పెద్దలు వచ్చినప్పుడు కొమ్ము నృత్యం వేషం మనం కట్టి చూపిస్తాం. రెండూ ఒకటేనా కాదా అని నేను ఇంకా ఆలోచిస్తున్న. అక్కడ ఒక అవ్వ మేజోళ్ళు అల్లుకుంటూ కూర్చుంది. మనం తిట్టుకునే హిందీ ఆ రోజు పనికొచ్చింది. "మీరు ఎప్పుడైనా ఎగిరిన్రా?" అని అడిగిన. నవ్వి, "నేను గడ్డి కోసి, కట్టెలు మోసి బతికినదాన్ని బేటీ, ఎగిరేది వచ్చినోళ్ళు" అన్నది. మా అమ్మ కూడా అట్లనే అంటది.

ఇప్పుడు అసలు సంగతి రాస్తున్న. ఆ అమ్మాయి ఒప్పుకున్నంకనే రాస్తున్న, పేరు రాయను. మా గుంపులో ఒక అమ్మాయి మాట్లాడేది తక్కువ. మధ్యాహ్నం చెట్టు వేరు మీద కూర్చున్నప్పుడు మెల్లగా చెప్పింది. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోతే మళ్ళీ రాదంట. ఇంట్లో అప్పు ఉందంట, మిరప కోతలకు పోవాలంట. ఒక్క డార్మెటరీలో పక్కపక్క పడుకుంటాం, అయినా మాకు తెలియదు. స్టడీ అవర్‌లో మాట్లాడితే పేరు రాస్తరు, లైటు ఆర్పినంక మాట్లాడితే తిడతరు. ఇంక ఎప్పుడు చెప్తది? ఆ రాత్రి మేము ఆమెను మేడం దగ్గరికి తీసుకపోయినం. తిరిగి వచ్చినంక మేడం వాళ్ళ అమ్మానాన్నలతో రెండుసార్లు మాట్లాడిన్రు. ఆ అమ్మాయి ఇప్పుడు మన మధ్యనే చదువుతున్నది. ఆ రోజు వేస్ట్ అయిందని నేను ఎట్ల ఒప్పుకోవాలె?

పిల్లల్ని వదిలితే ఏమైనా అయితే ఎట్ల అని వార్డెన్ మేడం గార్లు అంటారు. ఆ భయం నిజమే. 2014 జూన్ 8న హైదరాబాద్ నుంచి మనాలికి పోతున్న ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు దారిలో బియాస్ నదిలో దిగి ఫొటోలు తీసుకుంటుంటే, పైన లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీళ్ళు వచ్చి 24 మంది విద్యార్థులు కొట్టుకపోయి చనిపోయిన్రు. మనం వాగు పక్కన పుట్టినోళ్ళం. ఇక్కడ ఎండ కాసినా పైన వాన పడితే వాగు వస్తదని మనకు తెలుసు. కానీ డ్యామ్ ఉన్న నది సంగతి మనకు తెలియదు. అందుకే నేను ఎక్కడంటే అక్కడ వదలమని అడగను. మేడం ఆ రోజు పెట్టినట్టు హద్దు, గుంపు, టైము పెట్టాలె. 42 మందిమి నాలుగున్నరకంటే ముందే వచ్చినం.

ఖాళీ ఉండడం బద్ధకం కాదు. గురుకులంలో చదివిన గిరిజన అమ్మాయి మాలావత్ పూర్ణ అక్క 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏండ్లు నిండలేదు. అంత పెద్ద కొండ ఎవరూ ఒక్క పరుగున ఎక్కరు. క్యాంపుల్లో ఆగి, ఒంటికి ఆ గాలి అలవాటైనంకనే పైకి పోతరు. కొండలెక్కేవాళ్ళకే ఆగే రోజులు కావాలంటే, బస్సులో తిరిగే మనకు ఒక్క రోజు ఎక్కువ కాదు.

అందుకని నా విన్నపం ఇది. కొత్తగా చేర్చిన రెండు ఊర్లలో ఒకటి తీసేయండి, డీజిల్ ఖర్చు కూడా తగ్గుతది. ఆ రోజు చెల్లెళ్ళను నదికి దూరంగా, హద్దు పెట్టి, ఊరికే ఉండనీయండి. తిరిగి వచ్చినంక ఏం చూసిన్రు అని వ్యాసం రాయించండి. ఏది ఎక్కువ గుర్తున్నదో మీకే తెలుస్తది.

చెల్లెళ్ళూ, ఆ రోజు మీకు దొరికితే లైను కట్టకండి. మీ పక్కన ఎవరైనా మాట్లాడకుండా కూర్చుంటే వాళ్ళ దగ్గర కూర్చోండి.

తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని